పాట వాళ్లది.. పైసల లెక్క ఎవరిది? బీటిల్స్ నుంచి హుస్నాబాద్ జాతర స్టేజీ దాకా.. మేనేజర్ అసలు చేసే పని ఇదీ!

హుస్నాబాద్ చుట్టుపక్కల పాట పాడేవాళ్లకి సీజన్ మొదలయ్యేది ఫోన్‌తోనే. సంక్రాంతికి కొత్తకొండ వీరభద్రస్వామి జాతర, ఆ తర్వాత ఊరూరా ఎల్లమ్మ పండుగలు, పెళ్లిళ్ల బరాత్‌లు, బతుకమ్మకి ముందు కొత్త పాటల షూటింగ్‌లు. ఇక ఎలక్షన్లు వచ్చాయంటే చెప్పక్కర్లేదు. అసెంబ్లీ రద్దయిన మర్నాడే, 2018 సెప్టెంబర్ 7న కేసీఆర్ తొలి ఎన్నికల సభ పెట్టింది హుస్నాబాద్‌లోనే. ఏ పార్టీ సభైనా సరే, లీడర్ వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టేది పాటగాళ్లే కదా. ఇన్ని ఫోన్లు వచ్చినా అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న మాత్రం ఒక్కటే. "ప్రోగ్రాంకి ఎంత తీస్కుంటరు?"

చాలామంది దగ్గర దీనికి జవాబు రెడీగా ఉండదు. "మీరే చూసి ఇయ్యున్రి అన్నా" అనేస్తారు. అక్కడితో బేరం అయిపోయినట్టే. అవతలివాళ్లు చూసి ఎంత ఇస్తే అంత. పాట బాగా పాడే మనిషి తన రేటు తాను చెప్పుకోలేడు. ఎక్కువ అడిగితే పొగరు అంటారు, తక్కువ అడిగితే మళ్లీ అదే రేటు ఫిక్స్ అయిపోతుంది. సరిగ్గా ఈ ఇబ్బంది దగ్గరే మేనేజర్ అనే మనిషి పుట్టాడు.

మరి ఆ మనిషి పాటగాడి తరఫున మాట్లాడతాడా, పాటగాడి మీద బతుకుతాడా? రాక్ మ్యూజిక్ 70 ఏళ్ల చరిత్రలో సగం గొడవలు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. ఆ గొడవలు తెలిస్తే ఇప్పుడు యూట్యూబ్ ఫోక్ సాంగ్స్‌తో పైకొస్తున్న మన దగ్గరి సింగర్లకి చాలా విషయాలు ముందే అర్థమవుతాయి.

మేనేజర్ వేరు.. ఆర్గనైజర్ వేరు!

ముందుగా ఒక కన్ఫ్యూజన్ క్లియర్ చేసుకోవాలి. పెద్ద రాక్ బ్యాండ్ల దగ్గర ఒక్కో పనికి ఒక్కో మనిషి ఉంటాడు. ప్రోగ్రాంలు బుక్ చేసేది ఏజెంట్. టికెట్లు అమ్మి, గ్రౌండ్ తీసుకుని, నష్టమొస్తే భరించేది ప్రమోటర్. మన దగ్గర ఆర్గనైజర్ అంటున్నాం. పాట రికార్డ్ చేసి మార్కెట్లోకి వదిలేది లేబుల్, అంటే ఆడియో కంపెనీ. బస్సులు, హోటళ్లు, సౌండ్ చెక్ టైమింగ్స్ చూసేది టూర్ మేనేజర్. వీళ్లందరితో కళాకారుడి తరఫున కూర్చుని మాట్లాడేవాడే అసలైన మేనేజర్. ఏ ప్రోగ్రాం ఒప్పుకోవాలి, ఏది వద్దనాలి, ఎవరి కాగితం మీద సంతకం పెట్టాలి, ఎవరిది పక్కన పెట్టాలి.. ఇదంతా ఆయన డ్యూటీ. జీతం ఉండదు, కళాకారుడి సంపాదనలో వాటా ఉంటుంది. మామూలుగా 15 నుంచి 20 శాతం.

మన దగ్గర ఈ పద్ధతి కొత్తదేం కాదు. పద్యనాటకాల రోజుల్లో కాంట్రాక్టర్లు ఉండేవాళ్లు. పేరున్న నటుల్ని ఒకచోట చేర్చి, ఊరూరా ఆడించి, ఎవరికెంత అనేది వాళ్లే తేల్చేవారు. ఒగ్గు కథ బృందాల్లో అయితే బయానా తీసుకునేది, తేదీ ఒప్పుకునేది జట్టు పెద్ద. ఆయనే కథ చెప్తాడు, ఆయనే లెక్క చూస్తాడు.

ఇప్పుడు సీన్ మారింది. కెమెరా ఉన్నవాడు, యూట్యూబ్ ఛానల్ ఉన్నవాడు సెంటర్‌లోకి వచ్చాడు. పాట రాయించేది, ట్యూన్ చేయించేది, షూట్ చేసేది, అప్‌లోడ్ చేసేది అదే ఛానల్. హిట్టయ్యాక ప్రోగ్రాంల ఫోన్లు వచ్చేది కూడా అదే నంబర్‌కి. అంటే లేబుల్, ఏజెంట్, మేనేజర్ ముగ్గురూ ఒక్కరే అన్నమాట. ఇందులో తప్పేం లేదు, చిన్న ఊళ్లలో ఇంకో దారి కూడా లేదు. కాకపోతే చిక్కు ఒకటుంది. లేబుల్ దగ్గర పాటగాడికి ఎక్కువ పైసలు అడగాల్సింది మేనేజర్. లేబుల్, మేనేజర్ ఒక్కరే అయితే ఎవరు ఎవరిని అడుగుతారు?

రికార్డుల షాపు కుర్రాడు.. ప్రపంచాన్ని ఊపేసిన బ్యాండ్

మంచి మేనేజర్ అంటే అందరూ మొదట చెప్పే పేరు బ్రయాన్ ఎప్స్టీన్. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో వాళ్ల కుటుంబానికి వ్యాపారం ఉండేది, అందులో రికార్డుల షాపు ఈయన చూసుకునేవాడు. 1961 నవంబర్ 9న కావర్న్ అనే క్లబ్‌లో నలుగురు కుర్రాళ్లు పాడటం చూశాడు. అప్పటికి ఎప్స్టీన్ వయసు 27. బ్యాండ్‌ని నడిపిన అనుభవం సున్నా. ఆ కుర్రాళ్లేమో లెదర్ జాకెట్లు వేసుకుని, స్టేజీ మీదే తింటూ, సిగరెట్ కాలుస్తూ పాడేవాళ్లు. వాళ్లే బీటిల్స్.

ఎప్స్టీన్ వాళ్ల ట్యూన్ల జోలికి పోలేదు. బట్టలు మార్పించాడు. పాట అయ్యాక నలుగురూ కలిసి తల వంచి దండం పెట్టేలా చేశాడు. టైముకి రావడం నేర్పించాడు. టేపులు పట్టుకుని లండన్‌లో కంపెనీల చుట్టూ తిరిగాడు. 1962 జనవరి 1న డెక్కా కంపెనీ ఆడిషన్ తీసుకుని మరీ వద్దంది. వేరే కంపెనీలూ తిప్పి పంపాయి. చివరికి ఈఎంఐ గ్రూపులో పార్లోఫోన్ అనే చిన్న లేబుల్, జార్జ్ మార్టిన్ అనే ప్రొడ్యూసర్ దొరికారు. ఇంకెవరైనా అయితే మూడో తిరస్కారానికే షాపుకి తిరిగొచ్చేసేవాళ్లు!

ఇంకో విశేషం. 1962 జనవరిలో బ్యాండ్‌తో రాసుకున్న మొదటి అగ్రిమెంట్‌లో నలుగురూ సంతకాలు పెట్టారు కానీ ఎప్స్టీన్ తన సంతకం పెట్టలేదు. అంటే కుర్రాళ్లు వద్దనుకుంటే వెళ్లిపోవచ్చు. అలాంటి మేనేజర్లు ఎక్కువమంది దొరకరు.

అయితే మంచి మనసు ఉంటే సరిపోదని కూడా ఈ కథే చెప్తుంది. ఈఎంఐతో చేసుకున్న మొదటి ఒప్పందంలో ఒక్కో రికార్డుకి వచ్చే రాయల్టీ ఒక్క పెన్నీ. అదీ నలుగురికీ కలిపి! తర్వాత బీటిల్స్ బొమ్మలు, విగ్గులు, బ్యాడ్జీలు అమ్ముకునే హక్కు ఇచ్చినప్పుడు ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. సెల్టాబ్ అనే కంపెనీకి 90 శాతం, వీళ్ల వైపు 10 శాతం. రివర్స్ కాదు, చదివింది కరెక్టే. 1963లో అలాంటి వ్యాపారం ఎంత పెద్దదవుతుందో ఎవరికీ అంచనా లేదు.

1967 ఆగస్టు 27న ఎప్స్టీన్ చనిపోయాడు. వయసు 32. ఆ తర్వాత లెక్కలు ఎవరు చూడాలన్న దానిపై నలుగురి మధ్య చిచ్చు మొదలైంది. 1969లో ముగ్గురు అలెన్ క్లైన్ అనే మేనేజర్‌ని తెచ్చుకున్నారు, పాల్ మెకార్ట్‌నీ ఒప్పుకోలేదు. 1970 డిసెంబర్ 31న పార్ట్‌నర్‌షిప్ రద్దు చేయాలంటూ పాల్ కోర్టుకెక్కాడు. బీటిల్స్ విడిపోవడానికి కారణాలు చాలానే చెప్తారు. కానీ కోర్టు గుమ్మం దాకా తీసుకెళ్లింది మాత్రం ఈ మేనేజర్ పంచాయితీనే.

50 శాతం మేనేజర్.. దేశం దాటని స్టార్

ఎల్విస్ ప్రెస్లీ పేరు తెలియనివాళ్లు తక్కువ. కానీ అంత పెద్ద స్టార్ అమెరికా బయట ఎప్పుడైనా పాడాడా అంటే.. 1957లో పక్కనే ఉన్న కెనడాలో మూడు ఊళ్లు, అంతే! ఇంగ్లండ్ లేదు, జపాన్ లేదు. కారణం ఏంటంటే చాలామంది వేలు చూపించేది ఆయన మేనేజర్ కల్నల్ టామ్ పార్కర్ వైపు. ఈయన అసలు పేరు వేరు, పుట్టింది నెదర్లాండ్స్‌లో. సరైన పత్రాల్లేకుండా అమెరికాలో సెటిలయ్యాడు, పాస్‌పోర్ట్ లేదు. బయటికి వెళ్తే మళ్లీ రానిస్తారో లేదో అన్న భయంతోనే విదేశీ టూర్లు తప్పించాడని అంటారు. 1973 జనవరిలో హవాయి నుంచి శాటిలైట్‌లో ఎల్విస్ షో వేరే దేశాల టీవీల్లో వచ్చింది, మనిషి మాత్రం కదల్లేదు.

వాటా సంగతి ఇంకా ఘోరం. మొదట 25 శాతం తీసుకున్న పార్కర్, 1967 నుంచి 50 శాతం చేసుకున్నాడు. 1973లో ఎల్విస్ పాత రికార్డింగుల మీద రాయల్టీలన్నీ ఆర్‌సీఏ కంపెనీకి 54 లక్షల డాలర్లకి అమ్మేయించాడు. అప్పటికది పెద్ద మొత్తమే. కానీ నాలుగేళ్లకే, 1977లో ఎల్విస్ చనిపోయాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ పాటలు అమ్ముడుపోతూనే ఉన్నాయి, కూతురికి రావాల్సిన ఆ రాయల్టీ రాలేదు. తర్వాత అమెరికా కోర్టు వేయించిన విచారణలో పార్కర్ తీరుని గట్టిగానే తప్పుబట్టారు.

మన దగ్గర దీని వెర్షన్ ఎలా ఉంటుందంటే.. "పాటకి 10 వేలు ఇస్తం, మొత్తం హక్కులు మాకే." పాడిన రోజు ఆ 10 వేలు పెద్దగానే కనపడతాయి. పాట కోట్ల వ్యూస్ దాటాక లెక్క గుర్తొస్తుంది.

కారు బానెట్ మీద సంతకం.. మూడేళ్లు ఆల్బమ్ లేదు!

బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ కథ అయితే ప్రతి కొత్త సింగర్ వినాల్సిందే. 1972లో పేరు లేని కుర్రాడు. మైక్ అపెల్ అనే మేనేజర్ ఈ కుర్రాడిని నమ్మాడు. కొలంబియా కంపెనీలో పెద్దమనిషి జాన్ హామండ్ ముందు ఆడిషన్ ఇప్పించాడు. అగ్రిమెంట్ మీద సంతకం మాత్రం చీకట్లో, పార్కింగ్ స్థలంలో, కారు బానెట్ మీద పెట్టించాడని చెప్తారు. లాయర్‌కి చూపించిన పాపాన పోలేదు.

1975 ఆగస్టులో 'బార్న్ టు రన్' ఆల్బమ్ వచ్చింది. అక్టోబర్‌లో ఒకే వారం టైమ్, న్యూస్‌వీక్ రెండు మ్యాగజైన్ల కవర్ మీదా స్ప్రింగ్‌స్టీన్ ఫొటోనే. అప్పుడు తీరిగ్గా కాగితాలు చూసుకుంటే.. తన పాటల పబ్లిషింగ్ హక్కులు కూడా తన చేతిలో లేవు. 1976 జులైలో కేసు వేశాడు. ఎదురుకేసు పడింది. తనకి నచ్చిన ప్రొడ్యూసర్‌తో స్టూడియోలోకి వెళ్లకుండా కోర్టు ఆపింది. 1977 మేలో సెటిల్‌మెంట్ అయ్యేదాకా కొత్త రికార్డింగ్ లేదు, తర్వాతి ఆల్బమ్ వచ్చేసరికి 1978 జూన్. కెరీర్ పీక్‌లో ఉన్నప్పుడు మూడేళ్ల గ్యాప్ అన్నమాట. ఆ టైంలో బ్యాండ్‌ని బతికించింది స్టేజీ షోలే.

అపెల్ విలన్ అని కొట్టిపారేయడం మాత్రం కరెక్ట్ కాదు. ఆయన లేకపోతే హామండ్ ఆడిషనే లేదు. మొదటి అవకాశం ఇప్పించిన మనిషే తర్వాత అడ్డంకి కావడం.. ఈ రంగంలో ఎక్కువగా కనిపించే కథ ఇదే. "నేను లేకపోతే నువ్వెక్కడ?" అన్న మాట హుస్నాబాద్‌లో కూడా వినిపిస్తుంది.

పూర్తిగా కళాకారుడి వైపే నిలబడిన మేనేజర్లూ ఉన్నారు. లెడ్ జెపెలిన్ మేనేజర్ పీటర్ గ్రాంట్ అయితే ప్రమోటర్ల మెడ మీద కూర్చుని మరీ టికెట్ల ఆదాయంలో 90 శాతం బ్యాండ్‌కే రాబట్టాడు. ఆయన పద్ధతులు మాత్రం ఇంట్లో ట్రై చేయొద్దు!

మన దగ్గర ఏం జరిగింది?

తెలుగులో రాక్ బ్యాండ్ మీదే బతకడం కష్టం. ఇక్కడ పాట అంటే ముందు సినిమా. హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండ్ లాంటి వాళ్లు తెలుగు మాటలతో, జానపద వాసనతో సొంత పాటలు చేసి యూట్యూబ్‌లో పేరు తెచ్చుకున్నారు. అందులో పాడిన రామ్ మిర్యాల తర్వాత సినిమాల్లోకి వెళ్లాడు. 2021లో 'జాతిరత్నాలు' చిట్టి పాట, 2022లో 'డీజే టిల్లు' టైటిల్ సాంగ్‌తో ఇంటింటికీ తెలిశాడు.

ఇక ఉత్తర తెలంగాణకి వస్తే జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి. కూలి పనులు చేసుకునే గంగవ్వని కెమెరా ముందుకి తెచ్చింది 'మై విలేజ్ షో' టీం, దాన్ని మొదలుపెట్టింది శ్రీకాంత్ శ్రీరామ్. 2020లో ఆమె బిగ్ బాస్ హౌస్ దాకా వెళ్లింది. టాలెంట్ ఊళ్లో ఎప్పటి నుంచో ఉంది. దాన్ని గుర్తుపట్టి, షూట్ చేసి, జనం ముందుకి తీసుకెళ్లే మనిషి పక్కన ఉండటమే తేడా. ఎప్స్టీన్ లివర్‌పూల్‌లో చేసిన మొదటి పని కూడా ఇలాంటిదే కదా.

కాగితం చూడకపోతే ఎంత పెద్దవాళ్లకైనా ఇబ్బందే అనడానికి ఎస్పీ బాలు గారి ఉదంతం చాలు. 2017 మార్చి, అమెరికాలో ఎస్పీబీ 50 టూర్. ప్లాన్ చేసింది కొడుకు చరణ్. సడన్‌గా ఇళయరాజా తరఫు నుంచి లీగల్ నోటీస్ వచ్చింది, అనుమతి లేకుండా తన పాటలు పాడొద్దని. ఇలాంటి రూల్ ఉందని తనకి తెలియదని, చట్టం అదే అయితే పాటిస్తానని బాలు ఫేస్‌బుక్‌లో రాశారు. ఆ టూర్‌లో ఇళయరాజా పాటలు పక్కన పెట్టేశారు. 2019లో ఇద్దరూ మళ్లీ ఒకే స్టేజీ మీదకొచ్చారనుకోండి. కానీ టికెట్ పెట్టి చేసే ప్రోగ్రాంకి పాటల లైసెన్స్ ఉందా లేదా అని ముందే చూసుకోవాల్సింది పాడేవాళ్లు కాదు, మేనేజర్, ఆర్గనైజర్. అన్నట్టు, పెళ్లి బరాత్‌లో, నిజమైన పూజా కార్యక్రమాల్లో పాడితే మన కాపీరైట్ చట్టం మినహాయింపు ఇచ్చింది. కంగారు పడక్కర్లేదు.

సంతకం పెట్టే ముందు..

మొదట చూడాల్సింది శాతం కాదు, ఆ శాతం దేని మీద అనేది. ఉదాహరణకి ప్రోగ్రాం 60 వేలకి మాట్లాడారనుకుందాం. బండి కిరాయి, డోలక్, కీబోర్డ్ వాళ్ల డబ్బులు, సౌండ్.. అన్నీ కలిపి ఖర్చు 35 వేలు. మేనేజర్‌కి 20 శాతం. మొత్తం 60 వేల మీద అయితే ఆయనకి 12 వేలు పోతే పాడినవాళ్లకి మిగిలేది 13 వేలు. ఖర్చులు పోను మిగిలిన 25 వేల మీద అయితే ఆయనకి 5 వేలు, పాడినవాళ్లకి 20 వేలు. శాతం అదే, చేతికొచ్చేది వేరు. "ట్వంటీ పర్సెంట్ అన్నా, అందరూ తీస్కునేదే" అన్నప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడిగి తీరాలి.

రెండోది గడువు. ఎన్నేళ్లు? ఆ తర్వాత కూడా కట్టేసి ఉంచుతారా? ఈ విషయంలో మన సుప్రీంకోర్టు తీర్పే ఉంది, అదీ ఒక క్రికెటర్ వల్ల. జహీర్ ఖాన్ 2000లో పర్సెప్ట్ డీమార్క్ అనే మేనేజ్‌మెంట్ కంపెనీతో మూడేళ్లకి సంతకం చేశాడు. గడువు అయిపోయాక వేరే ఎవరితో వెళ్లాలన్నా ముందు మాకే ఛాన్స్ ఇవ్వాలి అన్న క్లాజ్ అందులో ఉంది. గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అగ్రిమెంట్ గడువు ముగిశాక కూడా మనిషి పని స్వేచ్ఛకి అడ్డుపడే అలాంటి క్లాజ్ చెల్లదని 2006లో కోర్టు తేల్చింది. దీనికి ఆధారం 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోని 27వ సెక్షన్. "పదేళ్ల దాకా వేరే ఛానల్‌కి పాడొద్దు" అని బెదిరించేవాళ్లకి ఈ కేసు పేరు చెప్తే చాలు, గొంతు కొంచెం తగ్గుతుంది. అయితే గడువు నడుస్తున్నప్పుడు పెట్టిన షరతుల సంగతి వేరు, అవి పాటించాల్సి రావచ్చు.

ఇక అందరూ తికమక పడేది హక్కుల దగ్గర. ఒక్క పాటలో మూడు నాలుగు హక్కులు ఉంటాయి. మాటలు రాసినవాళ్లవి, ట్యూన్ కట్టినవాళ్లవి, రికార్డింగ్ చేయించిన ప్రొడ్యూసర్‌వి, పాడినవాళ్లవి. రికార్డింగ్ మీద హక్కు డబ్బు పెట్టి చేయించినవాళ్లదే, 60 ఏళ్లు ఉంటుంది. అందుకే ఛానల్ ఓనర్ "వీడియో నాది" అంటే అది నిజమే. కానీ పాట మొత్తం ఆయనదే అంటే కాదు. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక రాసినవాళ్లకి, ట్యూన్ కట్టినవాళ్లకి రాయల్టీ వాటా వదులుకోలేని హక్కు అయింది. పాడినవాళ్లకి కూడా కమర్షియల్‌గా వాడినప్పుడు రాయల్టీ అడిగే హక్కు వచ్చింది. ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోవాలి. కాపీరైట్ రాసివ్వడం నోటి మాటతో కుదరదు, కాగితం ఉండాలి. ఆ కాగితంలో ఎన్నేళ్లకి అని రాయకపోతే చట్టం ప్రకారం 5 ఏళ్లే. ఎక్కడి వరకు అని రాయకపోతే ఇండియా వరకే. అమ్మమ్మల నాటి జానపదం అయితే ఆ పాట ఎవరి సొంతమూ కాదు, దాన్ని కొత్తగా రికార్డ్ చేసిన వెర్షన్ మీదే హక్కు.

పాడే పిల్లకి 18 నిండకపోతే ఆమెతో రాయించుకున్న అగ్రిమెంట్‌కి చట్టంలో విలువ లేదు. అమ్మానాన్నలు కూర్చోవాల్సిందే. ఈ మధ్య స్కూల్, ఇంటర్ చదివే పిల్లలు కూడా హిట్ పాటల్లో కనిపిస్తున్నారు కాబట్టి ఇది చెప్పాల్సి వస్తోంది.

చివరిగా బ్యాంకు, పాస్‌వర్డ్. కెనడా కవి, గాయకుడు లియోనార్డ్ కోహెన్ లెక్కలన్నీ ఏళ్ల తరబడి మేనేజర్ చేతికే వదిలేశాడు. 70 దాటాక చూసుకుంటే రిటైర్మెంట్ సొమ్ము దాదాపు మాయం. 2006లో కోర్టు 90 లక్షల డాలర్లు కట్టాలని తీర్పిచ్చింది, డబ్బు మాత్రం చేతికి రాలేదు. 2008లో, 73 ఏళ్ల వయసులో మళ్లీ టూర్లకి బయల్దేరాల్సి వచ్చింది. మన సింగర్ల దగ్గర అంత సొమ్ము ఉండకపోవచ్చు, కానీ సొంత పేరుతో యూట్యూబ్ ఛానల్ ఉంటుంది. దాన్ని ఎవరో తెలిసిన అన్న తన మెయిల్‌తోనే ఓపెన్ చేసి ఉంటాడు. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ అని ఉంటుంది, అందులో ఓనర్, మేనేజర్, ఎడిటర్ అని వేర్వేరుగా కనిపిస్తాయి. పాడేవాళ్ల మెయిల్ ఓనర్ దగ్గర ఉండాలి, నడిపించే అన్న మెయిల్ మేనేజర్ దగ్గర. ఫోన్ తీసి చూసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది.